ఇత్తడి చెంబు, రెండు వంకాయలు: ఆయిల్ రంగులతో మొదటి బొమ్మ

మా వర్క్‌షాప్‌కి కొత్తగా వచ్చినవాళ్ల ముందు పూలు పెట్టను, సాయంత్రానికి వాడిపోతాయి. ఇత్తడి చెంబు, రెండు వంకాయలు చాలు. వెలుగు ఒక కిటికీ నుంచే రావాలి, ట్యూబ్‌లైటు ఆపేయండి.

బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగుని టర్పెంటైన్‌తో పల్చగా కలిపి ఆకారాలు గీయండి. కళ్లు సగం మూసి చూస్తూ ముందు నీడలు వేయండి. నల్ల రంగు ట్యూబు జోలికి పోవద్దు. అల్ట్రామెరీన్ అనే ముదురు నీలంలో అంబర్ కలిపితే కావలసినంత చీకటి వస్తుంది.

చెంబు అనగానే అందరూ పసుపు పూసేస్తారు. దగ్గరగా చూడండి: పొట్ట మీద వంకాయ ఊదా, పక్కన కిటికీ నీలం, అంచున మట్టి రంగు. తళుకు చుక్క చివర్లో, చిక్కటి తెలుపుతో ఒక్కసారే పెట్టి బ్రష్ తీసేయండి.

పై పొరలకి వెళ్లేకొద్దీ రంగులో కలిపే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పెరగాలి, ఈ వరస తిరగబడితే పగుళ్లే. నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేయొద్దు, వాటంతటవే అంటుకోవచ్చు. నీళ్ల డబ్బాలో వేయండి.