పాత రాక్ పాటకి సరౌండ్ రీమిక్స్ వస్తే బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి

ముందు ఒరిజినల్ స్టీరియో (రెండు స్పీకర్ల మిక్స్) వినండి, రెండు మూడు సార్లు, తెలిసిన పాటే కదా అని వదిలేయకండి, ఎందుకంటే మన బుర్రలో ఉన్న పాటకీ డిస్కులో ఉన్నదానికీ చాలా తేడా ఉంటుంది. తర్వాత సరౌండ్ (చుట్టూ ఉన్న స్పీకర్ల కోసం మళ్లీ చేసిన మిక్స్) పెట్టి రెండిటి వాల్యూమ్ ఒకేలా సర్దుకోండి. చాలామంది ఇది చెయ్యరు. కాస్త సౌండ్ ఎక్కువున్నదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది మరి.

స్పీకర్లూ చూసుకోండి. 5.1 లో (ముందు మూడు, పక్కన రెండు స్పీకర్లు, లోతు శబ్దాలకి ఒక సబ్‌వూఫర్) ముందు కుడి ఎడమలవి రెండూ సెంటర్ నుంచి చెరో 30 డిగ్రీలు, పక్కవి 100 నుంచి 120 మధ్య ఉండాలి. వాటిని వీపు వెనక్కి నెట్టేసి మిక్స్ బాలేదంటే ఎలా?

ఇప్పుడు అసలు పని. ముందువన్నీ ఆపేసి వెనకవి (ఆ పక్క స్పీకర్లే) మాత్రమే వినండి. అక్కడ ఒక గిటారో, కోరస్ గొంతులో విడిగా వినిపిస్తే మల్టీట్రాక్ టేపుల (వాయిద్యాలూ గొంతులూ విడివిడిగా రికార్డైన టేపుల) నుంచి మిక్స్ చేసుంటారు. ముందు విన్నదే పల్చగా, గుహలోంచి వచ్చినట్టుంటే స్టీరియోనే సాగదీశారేమో అని నాకు అనుమానం వస్తుంది, కొందరు కావాలనే వెనక గది ప్రతిధ్వని మాత్రమే ఇస్తారు అనుకోండి, అది వేరే. సెంటర్ ఒక్కటే పెట్టినా చాలా తెలుస్తుంది, గొంతు పొడిగా అతికించినట్టుందా, బ్యాండుతో కలిసుందా అని.

పింక్ ఫ్లాయిడ్ బ్యాండు పాట 'మనీ' తీసుకోండి. 1973 ఆల్బమ్‌కి ఇంజనీర్‌గా చేసిన అలన్ పార్సన్సే దానికి క్వాడ్ (నాలుగు స్పీకర్ల) మిక్స్ చేశాడు, 2003 లో జేమ్స్ గుత్రీ 5.1 చేశాడు. మొదట్లో వచ్చే నాణేలు, క్యాష్ రిజిస్టర్ చప్పుళ్లు గదిలో ఎక్కడెక్కడ పడుతున్నాయో వినడం భలే ఉంటుంది, కానీ ఆ చప్పుళ్లే 7 బీట్ల లెక్క, వాటి మీదే బాస్ ఎక్కుతుంది, కాబట్టి శబ్దం ఎటు తిరిగినా కాలు ఆ లెక్క వెయ్యగలగాలి. గిటార్ సోలోకి వచ్చేసరికి పాట 4 బీట్లకి మారుతుంది, అక్కడ డ్రమ్స్, బాస్, గిటార్ ఒక్కసారిగా ముందుకి దూకినట్టుండాలి. డ్రమ్స్ గది నాలుగు మూలలకీ చెదిరిపోతే ఆ ఊపు పోతుంది, నా లెక్కలో అది ఫెయిలే, ఎంత క్లియర్‌గా ఉన్నా సరే.

ఒరిజినల్‌లో లేని గిటార్ ముక్కలు బయటపడ్డాయా, సోలో అదే టేకేనా (అప్పుడు వాయించిన అదే రికార్డింగా), చివర్లో సౌండ్ తగ్గుతూ పోయే ఫేడవుట్ ముందే ఆగిపోతోందా అన్నది స్టీరియో పక్కన పెట్టుకుని చూడండి. మర్నాడు కళ్లు మూసుకుని, రిమోట్ ముట్టుకోకుండా ఒక్కసారి పూర్తిగా వినండి, మధ్యలో స్పీకర్లు గుర్తొచ్చిన చోట్లు రాసుకుని ఆ చోట్లే మళ్లీ స్టీరియోతో పోల్చండి.