ఎస్‌క్యూఎల్ పనిని ప్రోగ్రామింగ్‌గా చేయడం, చెప్పుకోవడం ఎలా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు డేటాబేస్‌కు క్వెరీలు, అంటే సమాచారం కోసం ప్రశ్నలు, రాసే భాష అయిన ఎస్‌క్యూఎల్‌తో రిపోర్టింగ్, డేటా అనలిటిక్స్ ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారిలో చాలామంది, "నువ్వు రాసేవి క్వెరీలే కదా, కోడింగ్ కాదుగా" అన్న మాటను రూమ్మేట్ల నుంచో, ఇంటర్వ్యూ చేసేవారి నుంచో ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. వాదనకు దిగడం కన్నా, ప్రోగ్రామింగ్ అని ఒప్పుకోక తప్పని తీరులో ఆ పని చేయడం మేలు.

ముందుగా ఈ చిన్నచూపు ఎక్కడిదో తెలుసుకోండి. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ డేటాను పట్టికలుగా అమర్చే రిలేషనల్ నమూనాను ప్రతిపాదించగా, దాని ఆధారంగా అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో సీక్వెల్ అనే భాషను వెలువరించారు; అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. ప్రోగ్రామింగ్ నేర్వనివారు కూడా దాన్ని వాడుకోగలగాలన్నది వారి ఉద్దేశాల్లో ఒకటి. ఎలా వెతకాలో కాక ఏం కావాలో మాత్రమే చెప్పే భాష కావడం రెండో కారణం. అయితే 1999 నాటి ప్రమాణంలో తమ ఫలితాన్నే మళ్లీ వాడుకుంటూ సాగే రికర్సివ్ క్వెరీలు కూడా చేరాయి కనుక, ఒక మేనేజర్ కింద ఎన్ని అంచెల్లో ఉద్యోగులున్నా అందరినీ ఒకే క్వెరీతో తెచ్చుకోవచ్చు. నా దృష్టిలో భాషకున్న శక్తి చిన్న విషయం. రాసినది తప్పో ఒప్పో మీరే తేల్చగలరా అన్నదే అసలు గీటురాయి.

అందుకు, ఫలితంలో ఒక్కో వరుస దేన్ని సూచించాలో క్వెరీ మొదలుపెట్టకముందే ఒక వాక్యంలో రాసుకోండి: ఆర్డర్‌కు ఒకటా, కస్టమర్‌కు ఒకటా? ఉదాహరణకు, 1,000 రూపాయల ఆర్డర్‌లో రెండు వస్తువులున్నాయనీ, కస్టమర్ ఆ సొమ్మును 500 చొప్పున రెండు విడతల్లో చెల్లించాడనీ అనుకుందాం. ఆర్డర్ నంబరు ఆధారంగా వస్తువుల పట్టికను, చెల్లింపుల పట్టికను నేరుగా జాయిన్ చేస్తే, అంటే కలిపితే, ప్రతి వస్తువూ ప్రతి చెల్లింపుతో జతపడి నాలుగు వరుసలు వస్తాయి, చెల్లింపుల మొత్తం 2,000 అని తేలుతుంది. ఎర్రర్ ఏదీ రాదు, రిపోర్టు మాత్రం పైవారికి చేరిపోతుంది. ఒక్కో పట్టికను ముందు ఆర్డర్‌వారీగా గ్రూప్ చేసి, ఆ తర్వాతే కలపండి.

నల్ విలువల, అంటే విలువ తెలియని ఖాళీ గడుల, విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఒక్క ఆర్డర్ కూడా పెట్టని కస్టమర్ల కోసం 'ఈ జాబితాలో లేనివి' అని అడిగే నాట్ ఇన్ వాడినప్పుడు, ఆర్డర్ల పట్టికలోని కస్టమర్ నంబర్లలో ఒక్కటి నల్ అయినా ఒక్క పేరూ రాదు. తెలియని విలువతో పోల్చితే అవుననీ కాదనీ కాక, తెలియదనే జవాబు వస్తుంది కాబట్టి. అక్కడ, సరిపోలే వరుస ఉందా లేదా అని మాత్రమే చూసే నాట్ ఎగ్జిస్ట్స్ వాడండి. ఇటువంటివి పట్టుకోవడానికి, జవాబు చేత్తో లెక్కించగలిగేంత చిన్న పట్టికను, అందులో ఒక నల్, ఒక డూప్లికేట్ ఉండేలా, తయారుచేసుకుని ప్రతి క్వెరీనీ ముందు దానిపై నడపండి.

వేగం సంగతి, క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ఆదేశం చెబుతుంది. తేదీ కాలమ్ నుంచి సంవత్సరాన్ని ఫంక్షన్‌తో విడదీసి 2024తో పోల్చితే ఆ కాలమ్ మీదున్న మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉండే సూచిక) సాధారణంగా ఉపయోగపడదు. 2024 జనవరి 1 నుంచి, 2025 జనవరి 1కి ముందు వరకు అని పరిధిగా రాస్తే ఉపయోగపడే వీలుంటుంది. క్వెరీలను, మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో ఉంచి, సహోద్యోగితో రివ్యూ చేయించండి.

రెజ్యూమేలో "రిపోర్టులు తయారుచేశాను" అని సరిపెట్టకుండా, ఏ లెక్క రెట్టింపవుతుండగా ఎలా కనిపెట్టి సరిచేశారో, ఏ క్వెరీని ఏ మార్పుతో వేగవంతం చేశారో రాయండి. బ్యాకెండ్ ఉద్యోగానికి మాత్రం ఇది చాలదు. జావాయో పైథానో అడుగుతారు, అడగడం న్యాయమే. డేటా ఇంజనీరింగ్ ఇంటర్వ్యూలో "ప్రోగ్రామింగ్ వచ్చా?" అని అడిగితే, పై ఆర్డర్ల సమస్యలాంటి మీ సొంత అనుభవాన్ని బోర్డు మీద పట్టికలు గీసి వివరించండి.