నర్సరీ మెయిల్‌కి వచ్చిన ఆర్డరు జారిపోకుండా

కడియం, కడియపులంక వైపు మొక్కల బేరం చాలావరకు ఫోన్లోనే తెగిపోతుంది. పెద్ద లేఔట్లకు కొనే కంపెనీలు మాత్రం మొక్కల లిస్టు, కొటేషన్, పర్చేజ్ ఆర్డరు మెయిల్లోనే నడుపుతాయి. ‘మెయిల్ పెట్టాం, జవాబే లేదు’ అని కొనే పార్టీ అంటే, చాలాసార్లు అది వచ్చే ఉంటుంది, మన కంట పడి ఉండదు. జీమెయిల్ వాడేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

మొదట స్పామ్, అంటే జీమెయిల్ చెత్త అనుకున్న మెయిళ్లను పక్కన పడేసే చోటు. అందులో పడ్డది 30 రోజులు దాటితే దానంతటదే చెరిగిపోతుంది, అందుకని వారానికి రెండుసార్లయినా తెరవాలి. పార్టీ మెయిల్ కనిపిస్తే ‘నాట్ స్పామ్’ నొక్కండి. అంతటితో వదిలేయకుండా కంప్యూటర్లో ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో ఫిల్టర్ పెట్టండి. ‘ఫ్రమ్’ గడిలో పూర్తి అడ్రసు కాకుండా ‘ఎట్’ గుర్తు తర్వాతి కంపెనీ పేరు మాత్రమే ఉంచి, ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ టిక్ చేయండి. రేపు ఆ కంపెనీలో మనిషి మారినా మెయిల్ నేరుగా ఇన్‌బాక్స్‌కే వస్తుంది. పార్టీది మామూలు జీమెయిల్ అడ్రసైతే ఇలా చేయకూడదు, పూర్తి అడ్రసే పెట్టాలి. లేకపోతే ఊళ్లో ఉన్న జీమెయిళ్లన్నిటికీ తలుపు తీసినట్టే.

రెండోది, జాగా. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కి ఒక్కదానికే కాదు, గూగుల్ ఫొటోలు, డ్రైవ్ కూడా అందులోంచే తింటాయి. నర్సరీ ఫోన్లో రోజూ తీసే మొక్కల ఫొటోలు, వీడియోలు బ్యాకప్ అవుతుంటే అది నిండడం ఎంతసేపు? నిండాక కొత్త మెయిల్ తిరిగి పంపినవాళ్లకే పోతుంది. మన ఇన్‌బాక్స్‌లో దాని జాడే ఉండదు. నర్సరీ మెయిల్ ఉన్న ఖాతాలో ఫొటోల బ్యాకప్ ఆపేయడం మేలు. కంప్యూటర్లో వెతికే పెట్టె పక్కన గీతల గుర్తు నొక్కి, సైజు 10 ఎంబీ కన్నా ఎక్కువ అని పెడితే బరువైన మెయిళ్లన్నీ బయటపడతాయి. అక్కర్లేనివి తీసేశాక ట్రాష్ కూడా ఖాళీ చేయాలి, అప్పటిదాకా జాగా రాదు.

ఇక ఇంటి గొడవ. తండ్రి, కొడుకు, గుమస్తా ముగ్గురి ఫోన్లలో ఒకే మెయిల్ ఉంటుంది. ఒకరు తెరవగానే మిగతా ఇద్దరికీ అది చదివినట్టే కనిపిస్తుంది. ‘నాన్న చూసుకుంటారులే’ అని ఇతను, ‘అబ్బాయి పంపుంటాడు’ అని ఆయన. దీనికి ‘జవాబివ్వాలి’, ‘రేటు పంపాం’, ‘అడ్వాన్స్ వచ్చింది’ అని మూడు లేబుళ్లు చాలు. పది పెడితే ఎవరూ వాడరు. తెరిచినవాళ్లే లేబుల్ తగిలించాలి, జవాబు వెళ్లాకే మొదటిది తీయాలి.

పార్టీలకు ఇంకో అలవాటుంది: పాత కొటేషన్‌కే రిప్లై కొట్టి అందులో కొత్త లోడు రాస్తారు. జీమెయిల్ దాన్ని పాత వరసలోనే కలిపేస్తుంది. పైన సబ్జెక్టు పాతదే కనిపించేసరికి ‘ఇది అయిపోయిందిగా’ అని వదిలేస్తాం. అలాంటిదానికి ఆ వరసలో జవాబు రాయకండి. లారీ తేదీ, ఊరు సబ్జెక్టులో పెట్టి కొత్త మెయిల్‌గా పంపండి.

పార్టీ పేరుతో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అనో, ‘అడ్వాన్స్ కోసం ఈ క్యూఆర్ స్కాన్ చేయండి’ అనో మెయిల్ వస్తే, పేరు మీద నొక్కి అసలు అడ్రసు అక్షరం అక్షరం చూడండి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. పాత నంబరుకి ఫోన్ చేసి అడిగాకే ముందుకెళ్లండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.