పాత ఆఫీస్ పీసీ అప్‌గ్రేడ్ మనింట్లోనే – పాఠం 3: పవర్ సప్లై, ముందు పిన్నులు లెక్కపెట్టండి

పోయిన పాఠంలో హోంవర్క్ ఇచ్చాను, సైడ్ ప్యానెల్ తీసి ర్యామ్ మీద స్టిక్కర్ చదివి నోట్‌బుక్‌లో రాసుకోమని. రాసుకున్నవాళ్ళు ఒకసారి బయటికి తీయండి. మీది డెల్ ఆప్టిప్లెక్స్ 9020 మినీ టవర్ అయితే స్టిక్కర్ మీద పీసీ3 12800యూ అని గానీ పీసీ3ఎల్ 12800యూ అని గానీ ఉండాలి. చివర్లో ఉన్న ఆ యూ అక్షరమే అసలు విషయం, యూ అంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్, ఎస్ అంటే ల్యాప్‌టాప్‌ది, ఆర్ అంటే సర్వర్‌ది. సర్వర్ ర్యామ్ బయట చవగ్గా దొరుకుతుంది, పొడవు అంతే, పిన్నులు అవే 240, స్లాట్‌లో టక్కున కూర్చుంటుంది కూడా, కానీ పీసీ మాత్రం ఆన్ అవ్వదు. స్లాట్‌లో పట్టింది కదా అని పని చేస్తుందనుకోవద్దు అని పోయినసారి చెప్పింది ఇందుకే. ఈ పాఠం మొత్తం కూడా అదే మాట మీద నడుస్తుంది, కాకపోతే ర్యామ్ తప్పయితే పీసీ ఊరికే ఆన్ అవ్వదు అంతే, ఇవాళ్టి పార్ట్ తప్పయితే మదర్‌బోర్డే పోతుంది.

ఇవాళ్టిది పవర్ సప్లై, అంటే గోడ కరెంటుని పీసీకి కావాల్సిన వోల్టేజీల్లోకి మార్చే డబ్బా, మన షాపుల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు.

ముందు ఇది ఎందుకు ఇంత వివరంగా చెప్తున్నానో చెప్తా. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తే సెకండ్ హ్యాండ్ ఆఫీస్ పీసీలు వరసగా పేర్చి ఉంటాయి, ఆప్టిప్లెక్స్‌లు, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్‌లు, లెనోవో థింక్‌సెంటర్‌లు, చాలావరకు ఐటీ కంపెనీల్లో లీజు అయిపోయి బయటికి వచ్చినవి. గట్టి మెషిన్లు, నాకు చాలా ఇష్టం, పిల్లల చదువుకీ ఇంట్లో పనికీ వీటికి మించింది ఆ ధరలో దొరకదు. చిక్కల్లా కొన్న ఏడాదికో రెండేళ్ళకో వస్తుంది, ఎస్‌ఎంపీఎస్ పోతుంది లేదా అబ్బాయి గ్రాఫిక్స్ కార్డు అడుగుతాడు. మా బావమరిది పీసీకి అలాగే అయింది, ఎండాకాలం సాయంత్రం కరెంటు రెండుసార్లు పోయి వచ్చేసరికి ఎస్‌ఎంపీఎస్ చచ్చిపోయింది, పక్కనే ఉన్న షాపుకెళ్ళి 450 వాట్లది కొత్తది కొనుక్కొచ్చాడు, ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే కొత్తదాని ప్లగ్గు వెడల్పుగా 24 పిన్నులు, బోర్డు మీదేమో 8 పిన్నుల సాకెట్, ఎక్కడా పట్టదు. తిరిగి తీస్కెళ్తే సీల్ తీశారు కదా తీసుకోం అన్నారు. ఆ రోజు వాడి మొహం చూశాకే ఈ పాఠం రాయాలనిపించింది, ఎందుకంటే ఆ డబ్బు పోకుండా ఉండటానికి కావాల్సింది రెండు నిమిషాల పని, కొనే ముందు మూత తీసి పిన్నులు లెక్కపెట్టడం అంతే.

సరే, మొదలుపెడదాం. ప్లగ్గు గోడ నుంచి పీకేయండి, పీకాక పీసీ పవర్ బటన్ ఒక ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన చార్జ్ దిగిపోతుంది. ఇది బోర్డు సంగతే, ఎస్‌ఎంపీఎస్ డబ్బా లోపలి సంగతి వేరు, ఆ డబ్బా స్క్రూలు మాత్రం ఎప్పుడూ విప్పొద్దు, లోపల కెపాసిటర్లలో 300 వోల్ట్‌ల పైన నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసినా కొంతసేపు ఉంటుంది, ప్రాణం మీదికి వస్తుంది. మనకి కావాల్సినవన్నీ డబ్బా బయటే ఉన్నాయి.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకి వెళ్ళే లావు వైర్ల గుత్తి పట్టుకుని అది బోర్డులో దిగేచోట పిన్నులు లెక్కపెట్టండి. 24 ఉన్నాయా, ప్రాసెసర్ పక్కన ఇంకో 4 పిన్నులదో 8 పిన్నులదో ఉందా, ఉంటే మీది చాలావరకు ఏటీఎక్స్, అదృష్టవంతులు, ఏ షాపులోనైనా దొరుకుతుంది (చాలావరకు అని ఎందుకన్నానో కింద చెప్తా). ఏటీఎక్స్ అనేది ఇంటెల్ 1995లో పెట్టిన కొలత, మొదట్లో 20 పిన్నులే, తర్వాత 24 అయ్యాయి. ఆప్టిప్లెక్స్ 3020, 7020, 9020 మినీ టవర్లలో అయితే 8 పిన్నులే కనిపిస్తాయి. ఎలైట్‌డెస్క్ 800 జీ1లో 6 పిన్నులది. లెనోవో థింక్‌సెంటర్ ఎం92పీ, ఎం93పీ లాంటి వాటిలో 14, తర్వాత వచ్చిన కొన్నింటిలో 10. చూశారుగా, ఒక కంపెనీది ఇంకో కంపెనీకి కలవదు, ఒకే కంపెనీలో కూడా ఆ తరానిది ఈ తరానికి కలవదు.

ఇన్ని రకాలు ఎందుకో తెలిస్తే అడాప్టర్ (ఒక రకం ప్లగ్గుని ఇంకో రకానికి కలిపే కేబుల్) కొనేటప్పుడు పొరపాటు చెయ్యరు కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. 24 పిన్నుల ప్లగ్గులో ఏముంటాయంటే ఆరెంజ్ వైర్లలో 3.3 వోల్ట్‌లు, ఎరుపులో 5, పసుపులో 12, నలుపు గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే దారి. ఇవి కాక ముఖ్యమైన ఒంటరి వైర్లు మూడు ఉంటాయి, వీటిని గుర్తుపెట్టుకోండి. ఊదారంగుది స్టాండ్‌బై, పీసీ ఆఫ్‌లో ఉన్నా ఇందులో 5 వోల్ట్‌లు వస్తూనే ఉంటాయి, ఆఫ్ చేశాక కూడా కొందరి కీబోర్డు లైటు వెలుగుతుంది చూడండి, అది దీని వల్లే. ఆకుపచ్చది ఆన్ చేసే వైరు, మీరు బటన్ నొక్కితే బోర్డు దీన్ని గ్రౌండ్‌కి కలుపుతుంది, అప్పుడు ఎస్‌ఎంపీఎస్ లేస్తుంది. బూడిదరంగుది ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకి వెళ్ళే కబురు, కరెంటు అన్నీ సరిగ్గా ఉన్నాయి ఇక మొదలుపెట్టుకో అని.

8 పిన్నుల మోడళ్ళలో ఏం చేశారంటే 3.3, 5 తీసేశారు, ఎస్‌ఎంపీఎస్ 12 వోల్ట్‌లు ఒక్కటే ఇస్తుంది, మిగతావి బోర్డే తయారుచేసుకుంటుంది. అందుకే వీటిలో హార్డ్ డిస్క్‌కి పవర్ వైరు ఎస్‌ఎంపీఎస్ నుంచి రాదు, బోర్డు మీద నుంచి వస్తుంది, మీది చూస్తే తెలుస్తుంది. ఈ ఆలోచన చెడ్డది కాదు, నిజానికి మంచిది, పీసీ ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు తక్కువ తింటుంది, ఇంటెల్ కూడా తర్వాత ఇదే పద్ధతిలో ఏటీఎక్స్12వీవో అని 10 పిన్నులతో ఒక స్టాండర్డ్ బయటపెట్టింది. నాకు కోపం వచ్చేదెక్కడంటే స్టాండర్డ్ అన్నాక అందరూ ఒకే ప్లగ్గు వాడాలి కదా, ఎవరి ప్లగ్గు వాళ్ళు పెట్టుకుంటే పదేళ్ళు నడవాల్సిన మెషిన్ ఒక చిన్న పార్ట్ దొరక్క తుక్కుకి పోతుంది. పదేళ్ళ పాత ఐ5 పీసీ ఈ రోజుకీ ఒక పదో తరగతి పిల్లకి హాయిగా సరిపోతుంది, దాన్ని పారేయించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇప్పుడు ఇందాక చాలావరకు అని ఎందుకన్నానో చెప్తా. 1990ల చివర్లో డెల్ డెస్క్‌టాప్‌లు కొన్నింటిలో ప్లగ్గు అచ్చం ఏటీఎక్స్ 20 పిన్నులదే, లోపల వైర్ల వరస మాత్రం మార్చేశారు, 3.3 వోల్ట్‌లు పక్కన ఇంకో 6 పిన్నుల ప్లగ్గులోకి పంపారు. మామూలు ఏటీఎక్స్ సప్లై తెచ్చి పెడితే చక్కగా పడుతుంది, ఆన్ చేస్తే తప్పు వోల్టేజీ తప్పు చోటికి వెళ్ళి బోర్డో సప్లైయో కాలిపోయేది. ఆ మెషిన్లు ఇప్పుడు ఎక్కడా కనపడవు గానీ పాఠం మాత్రం పాతబడలేదు. అసలు ప్లగ్గే పట్టకపోవడం నయం, పట్టి కాల్చేది ఇంకా ప్రమాదం. అందుకని వైరు రంగులు చూసి కూడా ఊహించొద్దు, ఇందాక చెప్పిన రంగులు ఏటీఎక్స్‌వి మాత్రమే, కంపెనీ సొంత సప్లైలకి ఆ రంగులే ఉంటాయన్న గ్యారంటీ లేదు. ఆకుపచ్చ వైరుని నల్లదానికి పేపర్ క్లిప్‌తో కలిపి టెస్ట్ చేసే చిట్కా కూడా ఏటీఎక్స్‌కే, 8 పిన్నుల దాని మీద చెయ్యొద్దు.

మరి వీటిని ఎలా టెస్ట్ చెయ్యాలి? ఆప్టిప్లెక్స్‌లలో ఒక మంచి ఏర్పాటు ఉంది, చాలామందికి తెలీదు. డబ్బా వెనక కరెంటు వైరు గుచ్చేచోట చిన్న బటన్, పక్కనే చిన్న లైటు ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకి వెళ్ళే ప్లగ్గులన్నీ పీకేసి, గోడకి పెట్టి, ఆ బటన్ నొక్కండి. ఆకుపచ్చ లైటు వెలిగితే సప్లై బతికే ఉంది, తప్పు వేరే చోట ఉంది. వెలగకపోతే ముందు వైరూ గోడ సాకెట్టూ మార్చి చూడండి, అప్పటికీ లేకపోతే సప్లై పోయినట్టే. ఈ ఒక్క టెస్ట్ చేస్తే అనవసరంగా కొత్తది కొనడం సగం తగ్గుతుంది.

పోయిందని తేలింది అనుకుందాం. డబ్బా మీద స్టిక్కర్ చదవండి, దాని మీద పార్ట్ నంబర్ ఉంటుంది, ఫోటో తీసుకోండి. నా సలహా ఏంటంటే అదే పార్ట్ నంబర్ ఉన్న సెకండ్ హ్యాండ్ ఒరిజినల్ వెతకండి, రీఫర్బిష్డ్ పీసీలు అమ్మేవాళ్ళ దగ్గర పాడైన మెషిన్ల నుంచి తీసినవి ఉంటాయి, ఫోటో చూపిస్తే తీసిస్తారు. రెండో దారి అడాప్టర్ కేబుల్, ఒకవైపు 24 ఇంకోవైపు 8. ఇది కొనేటప్పుడు మీ మోడల్ పేరు దాని మీద ఉందో లేదో చూడండి, పిన్నుల సంఖ్య ఒక్కటే చూసి కొనొద్దు. ఎందుకంటే కొన్ని మోడళ్ళలో స్టాండ్‌బై 5 వోల్ట్‌లు చాలవు, 12 దరిదాపుల్లో కావాలి, ఏటీఎక్స్ ఊదా వైరు ఇచ్చేది 5 మాత్రమే, అందుకని మధ్యలో చిన్న కన్వర్టర్ బోర్డు ఉన్న కేబుల్ కావాలి. అది లేనిది పెడితే బటన్ నొక్కినా ఉలకదు పలకదు. ఇంకో విషయం, ప్లగ్గు కుదిరినా డబ్బా కుదరాలి, మామూలు ఏటీఎక్స్ సప్లై 150 మిల్లీమీటర్ల వెడల్పు, 86 ఎత్తు, మీ క్యాబినెట్‌లో చోటు టేపుతో కొలుచుకోండి. చిన్న క్యాబినెట్ మోడళ్ళలో అయితే అసలు పట్టదు, వాటికి ఒరిజినలే దారి.

ఫ్యాన్ గురించి ఒక్క మాట, ఆప్టిప్లెక్స్ ప్రాసెసర్ ఫ్యాన్ ప్లగ్గు 5 పిన్నులది, బయట దొరికేవి 4 పిన్నులవి, వైరింగ్ తేడా, అది కూడా మోడల్ పేరుతోనే కొనండి.

ఇక గ్రాఫిక్స్ కార్డు లెక్క. 9020 మినీ టవర్ సప్లై 290 వాట్లు, చిన్న క్యాబినెట్ మోడల్‌ది 255. ఐ5 4590 ప్రాసెసర్ 84 వాట్లు, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు 75, బోర్డు ర్యామ్ డిస్క్ ఫ్యాన్లు అన్నీ కలిపి ఒక 40 వేసుకుందాం, మొత్తం 199. 290లో హాయిగా నడుస్తుంది. 255లో కూడా లెక్క సరిపోతుంది గానీ కార్డు పొట్టిది, అంటే లో ప్రొఫైల్ అయి ఉండాలి, పైగా కొన్ని కంపెనీల చిన్న క్యాబినెట్లలో కార్డు గుచ్చే స్లాట్ ఇచ్చేదే 75 వాట్ల కన్నా తక్కువ, అది మాన్యువల్‌లో రాసి ఉంటుంది, చదవకుండా కొనొద్దు. డెల్, హెచ్‌పీ, లెనోవో మూడింటి సర్వీస్ మాన్యువల్స్ వాళ్ళ సపోర్ట్ పేజీల్లో ఉచితంగానే ఉన్నాయి. మన దేశంలో కూడా వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రైట్ టు రిపేర్ (కొన్న వస్తువుని బాగుచేయించుకునే హక్కు) మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్ 24న ఒక పోర్టల్ పెట్టింది, ఏ కంపెనీ రిపేర్ సమాచారం ఎక్కడుందో అక్కడ కూడా వెతకొచ్చు.

కార్డుకి విడిగా 6 పిన్నుల ప్లగ్గు కావాలంటే ఆగిపోండి. ఈ ఆఫీస్ పీసీల్లో చాలావాటికి ఆ వైరు ఉండదు. అప్పుడు షాపులో సాటా (హార్డ్ డిస్క్‌కి పవర్ ఇచ్చే ప్లగ్గు) నుంచి 6 పిన్నులకి మార్చే చిన్న కేబుల్ చేతిలో పెడతారు, దయచేసి తీసుకోవద్దు. లెక్క మీరే వెయ్యండి. సాటా పవర్ ప్లగ్గులో 12 వోల్ట్‌ల పిన్నులు మూడు, ఒక్కోటి మోయగలిగింది 1.5 ఆంపియర్లు, మొత్తం 4.5, దాన్ని 12తో గుణిస్తే 54 వాట్లు. 6 పిన్నుల ప్లగ్గు నుంచి కార్డు లాగేది 75 దాకా. పైగా మన 9020లో ఆ సాటా పవర్ వచ్చేది బోర్డు మీద నుంచి అని ఇందాకే చూశాం, అది హార్డ్ డిస్క్ కోసం చేసిన దారి. ప్లగ్గు ప్లాస్టిక్ కరుగుతుంది, లేదా బోర్డు పోతుంది. బయట ప్లగ్గు అక్కర్లేని కార్డులే మనవి, 1050 టీఐలో కూడా కొన్ని మోడళ్ళకి 6 పిన్నుల ప్లగ్గు ఉంటుంది, కొనేముందు కార్డు పై అంచు చూసుకోండి.

ఈ వారం హోంవర్క్: మూత తీసి బోర్డు ప్లగ్గు పిన్నులు ఎన్నో, ప్రాసెసర్ పక్కనున్న ప్లగ్గు పిన్నులు ఎన్నో, సప్లై వాట్లు, పార్ట్ నంబర్, డబ్బా వెడల్పు ఎత్తు, డిస్క్‌కి పవర్ ఎక్కడి నుంచి వస్తోందో రాసుకోండి. తర్వాత మీ ప్రాసెసర్‌కి పైన నేను వేసినట్టే వాట్ల లెక్క వెయ్యండి, మీ సప్లైలో ఇంకా ఎంత మిగులుతుందో తేల్చండి.

పాఠం 4లో ల్యాప్‌టాప్‌ల దగ్గరికి వెళ్తాం. పాత థింక్‌ప్యాడ్‌లలో వైఫై కార్డు మార్చి ఆన్ చేస్తే తెర మీద 1802 అని ఒక ఎర్రర్ నంబర్ వచ్చి అక్కడే ఆగిపోతుంది, కార్డు బాగానే ఉంటుంది, స్లాట్ కూడా అందరూ వాడేదే, అయినా ఆగిపోతుంది. మీ దగ్గర పాత థింక్‌ప్యాడ్ ఉంటే అడుగున మోడల్ నంబర్ రాసి పెట్టుకోండి, అక్కడి నుంచి మొదలుపెడతాం.