రాస్ప్‌బెర్రీ పైలో లైటు వెలుగుతోంది, టీవీలో బొమ్మ రావట్లేదు

పోయిన ఆదివారం మా కింది వాటా కుర్రాడు రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డును పాత టిఫిన్ డబ్బాలో పెట్టుకుని పైకొచ్చాడు. ‘‘అన్నా, బోర్డు కాలిపోయినట్టుంది. మూడుసార్లు మెమరీ కార్డు మీద ఆపరేటింగ్ సిస్టమ్ రాశా. టీవీ మాత్రం నో సిగ్నల్ అనే అంటోంది.’’

బోర్డు నిక్షేపంగా ఉంది. కేబులే రెండో పోర్టులో ఉంది.

‘నో సిగ్నల్’ అంటే

పై 4లో చిన్న హెచ్‌డీఎంఐ పోర్టులు రెండు. పవర్ పిన్ను పక్కనున్నదే మొదటిది, ముందు అందులో పెట్టండి. మైక్రో పిన్ను సగమే దిగి ఆగిపోతుంది, టక్కున కూర్చునేదాకా నొక్కాలి. టీవీ ముందు ఆన్ చేసి, సరైన ఇన్‌పుట్ పెట్టి, ఆ తర్వాతే పై బోర్డుకు కరెంటివ్వండి.

అప్పటికీ రాకపోతే కార్డు తీసేసి ఆన్ చేయండి. పై 4లో బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే చిన్న ప్రోగ్రాం) బోర్డు మీది చిప్‌లోనే ఉంటుంది. అది మరీ పాతది కాకపోతే, కార్డు లేకున్నా తెరమీద వివరాలు చూపిస్తుంది. అవి కనబడ్డాయంటే కేబులూ టీవీ రెండూ బాగున్నట్టే, ఇక కార్డు సంగతి చూడండి. పై 3లో ఈ పరీక్ష కుదరదు. కార్డు లేకపోతే దానికి ఎర్ర లైటు తప్ప ఏమీ రాదు, దాన్ని చూసి కంగారుపడొద్దు.

రంగుల చతురస్రం దగ్గరే ఆగిపోతే

వీడియో పనిచేస్తోంది, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోడవలేదు. కార్డు మళ్లీ రాయండి, వీలైతే వేరే కార్డు మీద. పాత పై 3 కోసం రాసిన కార్డును పై 4లో పెట్టినా బూటవకపోవచ్చు.

బొమ్మ వచ్చి పోతుంటే, మూలన మెరుపు గుర్తు కనిపిస్తే

నా దగ్గరికొచ్చే బోర్డుల్లో ఎక్కువ వాటి జబ్బు ఇదే. పై 4కు 5 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. ఫోన్ చార్జర్ మీద అంత రాసున్నా, సన్నటి పొడవాటి కేబుల్ మధ్యలోనే వోల్టేజీ మింగేస్తుంది. బోర్డు దగ్గర 4.63 వోల్టుల కిందికి పడితే మెరుపు గుర్తు వస్తుంది. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే విండోలో, ‘వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్’ కొట్టండి (ఇంగ్లిషు అక్షరాల్లోనే). 0ఎక్స్0 వస్తే కరెంటు బాగుంది. 0ఎక్స్50000 వస్తే ఆన్ చేశాక ఎప్పుడో ఒకసారి వోల్టేజీ పడిపోయిందన్నమాట. పొట్టి, లావు కేబుల్‌తో మళ్లీ చూడండి. హార్డ్‌డిస్కు తగిలించి ఉంటే తీసేయండి, అదీ అందులోంచే తాగుతుంది.

పాత వీజీఏ మానిటర్ అయితే

కోఠి గుజరాతీ గల్లీలో నేను మొదట కొన్న కన్వర్టర్ వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది. మనకు కావాల్సింది దానికి తిరగేసినది, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కాబట్టి ఏ వైపు నుంచి ఏ వైపుకో అట్ట మీద చదివి డబ్బులివ్వండి. సరైనది కొన్నా, కొన్ని కన్వర్టర్లు మానిటర్ వివరాలు పై బోర్డుకు చేరవేయవు. దాంతో అది ‘ఎదురుగా ఎవరూ లేరు’ అనుకుని బొమ్మ పంపదు.

అప్పుడు కార్డును కంప్యూటర్లో పెట్టి సెట్టింగ్ మార్చాలి. పాత ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) అయితే కాన్ఫిగ్ ఫైల్లో ‘హెచ్‌డీఎంఐ_ఫోర్స్_హాట్‌ప్లగ్=1’ చాలు. కొత్త వాటిలో బొమ్మను నడిపే కేఎంఎస్ డ్రైవర్ ఈ మాట వినదు. వాటికి సీఎండీలైన్ ఫైల్లో, ఉన్న ఒక్క లైను చివరే, ఖాళీ వదిలి ‘వీడియో=హెచ్‌డీఎంఐ-ఏ-1:1024ఎక్స్768@60డి’ చేర్చండి. వీడియో, ఎక్స్ చిన్నబడి అక్షరాలు, మిగతావి పెద్దవి. కొత్త లైనులో రాస్తే పనిచేయదు, నేనో సాయంత్రమంతా పోగొట్టుకున్నది అక్కడే.

పసుపు పిన్ను టీవీ అయితే

పై 4లో కాంపోజిట్ (పసుపు పిన్నుతో వెళ్లే పాత రకం వీడియో) ముందే ఆపేసి ఉంటుంది, కాన్ఫిగ్‌లో ‘ఎనేబుల్_టీవీఅవుట్=1’ పెట్టాలి. బొమ్మ నలుపు తెలుపులో వచ్చినా, పైకి పాకుతున్నా అది ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా టీవీ పద్ధతిలో పోతోంది, మన టీవీలకు పాల్ అనే పద్ధతి కావాలి. కేబుల్ కూడా మూడు గీతలతో నాలుగు భాగాలైన జాక్ ఉన్నదే తీసుకోండి. అందులో వీడియో అన్నిటికంటే వెనక, మొదలు దగ్గరి భాగంలో ఉంటుంది. పాత క్యామ్‌కార్డర్ కేబుళ్లలో ఈ వరస వేరేగా ఉండొచ్చు. పసుపు పిన్నులో బొమ్మ రాకపోతే ఎరుపు, తెలుపు పిన్నులూ టీవీ పసుపు సాకెట్లో పెట్టి చూడండి, ఒక్కోసారి బొమ్మ ఎర్రదాంట్లో దాక్కుంటుంది.