కార్బన్ ఫైబర్ పూల్ క్యూకు తోలు టిప్ ఎంచుకునే పద్ధతి

పూల్ ఆడే కర్ర (క్యూ)కు కార్బన్ ఫైబర్ షాఫ్ట్, అంటే సన్నని ముందుభాగం, కొన్నవారిలో ఎక్కువమంది మొదట అడిగేది ఏ కంపెనీ టిప్ (షాఫ్ట్ కొనకు అతికించే, బంతిని తాకే తోలు బిళ్ల) వేయించాలన్న ప్రశ్న. నిజానికి ఆ ప్రశ్న అన్నిటికంటే చివర రావాలి. షాఫ్ట్ కొన వ్యాసమెంత, మన ఆటతీరుకు ఎంత గట్టిదనం సరిపోతుంది, ఒకే ముక్క తోలు కావాలా పొరల టిప్ కావాలా, దాన్ని అతికించే మనిషి చేతిపని ఎలాంటిది అన్నవి తేలాక కంపెనీ పేరు దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

ముందుగా టిప్ చేసే పని ఏమిటో చూడాలి. టిప్ తెల్ల బంతిని తాకి ఉండే సమయం సుమారు సెకనులో వెయ్యోవంతు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో తోలు, దాని మీద పూసే చాక్ అనే పొడి కలిసి బంతిని జారిపోకుండా పట్టుకోవాలి. పూల్ బంతి వ్యాసం 57.15 మి.మీ. కాబట్టి వ్యాసార్ధం 28.6 మి.మీ. దాకా ఉంటుంది. మధ్య నుంచి అందులో దాదాపు సగం, అంటే 14 మి.మీ. దూరం దాటి కొడితే, ఎంత ఖరీదైన టిప్ అయినా మిస్‌క్యూ అయ్యే, అంటే టిప్ బంతి మీంచి జారిపోయే, అవకాశమే ఎక్కువ. మెత్తని టిప్ ఎక్కువ స్పిన్ ఇస్తుందన్న నమ్మకం క్లబ్బుల్లో బలంగా ఉంది గానీ, గుండ్రంగా దిద్ది చాక్ సరిగా పూసిన మంచి తోలు టిప్పులన్నీ ఈ హద్దు వరకు కొట్టనిస్తాయి. స్పిన్ ప్రధానంగా బంతిని ఎక్కడ తాకామన్నదాని మీద, ఎంత వేగంతో తాకామన్నదాని మీద ఆధారపడుతుంది. మెత్తని టిప్ బంతిని మరికాస్త సేపు తాకి ఉంటుంది, గట్టి టిప్ దెబ్బలోని శక్తిని మరికాస్త ఎక్కువగా బంతికి అందిస్తుంది. కాబట్టి గట్టిదనాన్ని స్పిన్ కోసం కాక చేతికి తెలిసే స్పర్శ కోసం, వేగం మీద అదుపు కోసం, మన్నిక కోసం ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం.

కార్బన్ షాఫ్ట్ విషయంలో ఈ స్పర్శకు ప్రాధాన్యం మరింత పెరుగుతుంది. మేపుల్ కర్ర దెబ్బలోని కంపనాన్ని కొంత తనలో ఇముడ్చుకుంటుంది. కార్బన్ షాఫ్ట్ బిగుతైన గొట్టం వంటిది, లోపల చాలావరకు బోలుగానో తేలికైన నురుగు పదార్థంతో నిండో ఉంటుంది. అందువల్ల దెబ్బ శబ్దం ఖంగుమన్నట్లు వినిపిస్తుంది, చేతికి తెలిసేది కూడా కర్ర క్యూకు భిన్నంగా ఉంటుంది. చాలా గట్టి టిప్ వేస్తే ఈ గుణం ఇంకా పదునెక్కుతుంది, మధ్యస్థమైన టిప్ దాన్ని కొంత తగ్గిస్తుంది. కర్ర క్యూ మీద గట్టి టిప్పుతో ఆడి కార్బన్‌కు మారేవారు ఒక మెట్టు మెత్తని టిప్పుతో మొదలుపెట్టడం మేలు.

మరో విషయం డిఫ్లెక్షన్. పక్కవాటంగా స్పిన్ ఇచ్చినప్పుడు తెల్ల బంతి గురిగీత నుంచి పక్కకు తప్పుకోవడం కార్బన్ షాఫ్టులతో తగ్గుతుంది. షాఫ్ట్ కొస తేలికగా ఉండటమే దానికి ముఖ్య కారణం. టిప్ బరువు చాలా స్వల్పం కనుక మెత్తనిదా గట్టిదా అన్నదాని వల్ల ఈ గుణంలో చెప్పుకోదగ్గ మార్పు రాదు. టిప్ మార్చి డిఫ్లెక్షన్ తగ్గించుకోవచ్చని ఎవరైనా చెబితే ఆ మాట మీద డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఇక వ్యాసం. 2016లో వచ్చిన ప్రిడేటర్ రెవో షాఫ్టులు 11.8, 12.4, 12.9 మి.మీ. కొలతల్లో దొరుకుతున్నాయి. క్యూటెక్ సినర్జీలో 11.8, 12.5 మి.మీ. కొలతలు ఉన్నాయి. టిప్పులు సాధారణంగా 14 మి.మీ. వ్యాసంతో అమ్ముతారు, అతికించిన తరువాత షాఫ్ట్ అంచుకు సమంగా చెక్కుతారు. స్నూకర్ క్యూల కోసం చేసిన 10, 11 మి.మీ. టిప్పులు వీటికి చాలవు. హైదరాబాదులో పూల్ ఆడేవారిలో స్నూకర్ నుంచి వచ్చినవారు ఉంటారు. వారికి 9.5 లేదా 10 మి.మీ. కొన మీద ఎల్క్ మాస్టర్ వంటి మెత్తని నీలి టిప్ అలవాటై ఉంటుంది. స్నూకర్ బంతి 52.5 మి.మీ. మాత్రమే ఉంటుంది, బరువు కూడా తక్కువ. అదే మెత్తదనాన్ని 12 మి.మీ. దాటిన కొనకు, బరువైన పూల్ బంతికి, గట్టి దెబ్బలకు తెచ్చిపెడితే టిప్ త్వరగా అణగి అంచులు పుట్టగొడుగులా బయటికి పొంగుతాయి.

ఒకే ముక్క తోలుతో చేసే టిప్పులలో ల ప్రొఫెషనల్, ట్రయాంగిల్ పాత పేర్లు. ఇవి చవక. అయితే ఒకే పెట్టెలోని రెండు టిప్పులు ఒకేలా ఉండకపోవచ్చు, ఒకటి రాయిలా గట్టిపడితే మరొకటి వారంలో అణగిపోవచ్చు. కాముయి, మూరి, టైగర్ వంటి కంపెనీల పొరల టిప్పులలో పలుచని తోలు పొరలను ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికించి నొక్కుతారు. ధర ఎన్నో రెట్లు ఉంటుంది గానీ ఈసారి వేసినదీ వచ్చేసారి వేసేదీ చాలావరకు ఒకేలా ఆడతాయి. కార్బన్ షాఫ్ట్ మీద టిప్ మార్చడం కర్ర మీదకంటే జాగ్రత్తతో చేయవలసిన పని కనుక, టిప్పును బట్టి తరచు మార్చవలసి వచ్చే జూదం ఇక్కడ ఆడకపోవడమే మంచిది. పొరల టిప్పుకున్న లోపం ఒక్కటే, జిగురు బలహీనమైనా చెక్కేటప్పుడు వేడెక్కినా పొరలు విడిపోవచ్చు. పేరున్న టిప్పులకు నకిలీలు తిరుగుతున్నాయి కాబట్టి నమ్మకమైన దుకాణంలోనే కొనాలి.

గట్టిదనాన్ని సాఫ్ట్, మీడియం, హార్డ్ అని ముద్రిస్తారు గానీ ఆ మాటలకు అన్ని కంపెనీలూ ఒప్పుకున్న ఉమ్మడి కొలత లేదు. ఒకరి మీడియం మరొకరి హార్డ్ కావచ్చు. ఎటూ తేల్చుకోలేనివారికి నా సలహా సూటిగా చెబుతాను. షాఫ్టుతో వచ్చిన టిప్పును, అంటే రెవోకు విక్టరీ, సినర్జీకి స్నైపర్ వంటిదాన్ని, అరిగేదాకా ఆడండి. అది ఎటువైపు ఇబ్బంది పెడుతుందో గమనించి, తరువాతిది ఆ కంపెనీదే ఒక మెట్టు మెత్తగానో గట్టిగానో తీసుకోండి. ఒకేసారి కంపెనీ, గట్టిదనం, ఆకారం మూడూ మారిస్తే ఏ మార్పు ఏం చేసిందో తెలియదు. బ్రేక్ (ఆట మొదట్లో బంతుల గుంపును చెదరగొట్టే దెబ్బ) కోసం వేరే క్యూ ఉంటే దానికి గట్టి టిప్ వేయించి, ఆడే క్యూకు మీడియం ఉంచుకోవచ్చు. ఒకే క్యూతో బ్రేక్ కూడా కొట్టేవారు సాఫ్ట్ జోలికి పోకూడదు.

అతికించే పని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచి టిప్పులు చాలావరకు ఇక్కడే పాడవుతాయి. కర్ర షాఫ్టయితే అంచు కొద్దిగా ఎక్కువైనా ఉప్పుకాగితంతో సర్దుకోవచ్చు. కార్బన్ ఉపరితలం మీద గీత పడితే పోదు, దాన్ని సాన పట్టకూడదు కూడా. పనివాడి దగ్గర లేత్ ఉందా, షాఫ్టును నొక్కకుండా పట్టే ప్లాస్టిక్ కాలెట్ ఉందా, ఇంతకుముందు కార్బన్ షాఫ్టులు చేశాడా అని ముందే అడగాలి. పాత టిప్పును కత్తితో పెకలించకుండా పొరలు పొరలుగా చెక్కి తీయాలి. కింద ఫెర్రూల్ (షాఫ్ట్ కొనకు వేసే చిన్న తొడుగు) గానీ పలుచని బిళ్ల గానీ ఉంటుంది, దాన్ని సమతలం చేయడానికి అవసరమైనంత మేరకే తాకాలి. ప్రతిసారీ కాస్త కాస్త చెక్కుతూ పోతే కార్బన్ దాకా వస్తుంది. జెల్ రకం సూపర్ గ్లూ సరిపోతుంది. షాఫ్ట్ కొసకు మాస్కింగ్ టేపు చుట్టి, పదునైన పరికరంతో, వేడి పుట్టకుండా పక్కలు చెక్కాలి. కార్బన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, పొరపాటున షాఫ్టుకు తగిలే అవకాశం ఉన్న పనిలో మాస్కు తప్పనిసరి. వారంటీ ఇంకా నడుస్తుంటే బయటివారి చేత టిప్ మార్పించవచ్చో లేదో కంపెనీ షరతుల్లో చూసుకోవాలి.

ఆకారానికి అమెరికాలో నికెల్, డైమ్ నాణేల వంపును కొలతగా చెబుతారు. నికెల్ వ్యాసం 21.2 మి.మీ. మన 2011 శ్రేణి రూపాయి బిళ్ల దాదాపు 22 మి.మీ. కనుక దాని అంచును టిప్ పక్కన పట్టి చూస్తే నికెల్ వంపు దాదాపుగా తెలుస్తుంది. 12 మి.మీ. పైబడిన కొనలకు ఇది చాలు. 11.8 వంటి సన్నని కొనకు డైమ్ వైపు, అంటే 18 మి.మీ. వ్యాసపు వంపు వైపు మొగ్గేవారు ఉన్నారు.

కొత్త టిప్ మొదటి కొన్ని ఆటల్లో అణగుతుంది, అంచు పొంగితే మళ్ళీ చెక్కించి పక్కలను తడి తోలుముక్కతో రుద్ది గట్టిపరచాలి. పైభాగం నున్నబడి మెరుస్తూ చాక్ పట్టకపోతే కాస్త గరుకు చేయాలి, అలవాటుగా ప్రతి ఆటకూ గీకితే తోలు వృథాగా అరుగుతుంది. విశాఖ, కాకినాడ వంటి తేమ ఉన్న ఊళ్ళలో, వానాకాలంలో మరీ, క్యూను బయట వదలకుండా పెట్టెలో ఉంచాలి, తేమ పీల్చిన తోలు మెత్తబడుతుంది. షాఫ్ట్ మీది చాక్ మరకకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ సరిపోతుంది గానీ ఆ తడి టిప్ జిగురు గీత మీదికి పోనివ్వకూడదు. టిప్ పక్క అంచు ఎత్తు రూపాయి బిళ్ల మందానికి, అంటే సుమారు ఒకటిన్నర మి.మీ.కు దిగితే, ఇంకా బాగానే ఆడుతున్నా మార్పించాలి. అంతకంటే పలుచబడితే దెబ్బ నేరుగా ఫెర్రూల్ మీద పడుతుంది.