పాత పాలియో ఉన్నవాళ్లకు: సీవీ జాయింట్ మార్చే ముందు

హైదరాబాద్‌లో ఇంకా ఫియట్ పాలియో కారు నడుపుతున్నవాళ్లు వానాకాలం అయ్యాక ఒకసారి ముందు చక్రాల వెనక చూడండి. అక్కడే సీవీ జాయింట్, అంటే ఇంజిన్ శక్తిని ముందు చక్రాలకు అందించే ఇరుసు కీలు ఉంటుంది. దాన్ని కప్పే రబ్బరు తొడుగు (బూట్) చిరిగి, చక్రం లోపలివైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉంటే ఆలస్యం చేయొద్దు. శబ్దం ఇంకా రాకపోతే, పాత గ్రీజు కడిగినప్పుడు జాయింట్‌లో గుంటలు కనబడకపోతే, బూట్, గ్రీజు మారిస్తే చాలు.

స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి ఖాళీ స్థలంలో బండిని మెల్లగా గుండ్రంగా తిప్పండి. టకటకమంటే బయటి జాయింట్ (చక్రం వైపుది) అరిగినట్టే. ఎడమకి తిరిగేటప్పుడు వస్తే ఎక్కువగా కుడి పక్కది. తిన్నగా వెళ్తూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడే బండి వణికితే లోపలి జాయింట్ (గేర్‌బాక్స్ వైపుది) చూడాలి. వేగంతో పాటు పెరిగే హోరు మాత్రం చక్రం బేరింగ్‌ది కావచ్చు, అనవసరంగా జాయింట్ కొనొద్దు.

ఫియట్ మన దగ్గర కార్లు ఆపేసింది కాబట్టి రాణీగంజ్ షాపుల్లో మోడల్ పేరు చెబితే సరిపోదు. పాత జాయింట్ విప్పి పట్టుకెళ్లండి. లోపలి, బయటి స్ప్లైన్ల (ఇరుసు ఇమిడే గాళ్ల) పళ్లు లెక్కపెట్టి, సీల్ కూర్చునే చోటి వ్యాసం కొలిచి పోల్చాకే డబ్బులివ్వండి. ఇంజిన్‌ను బట్టి తేడాలుంటాయి, పెట్రోల్‌ది డీజిల్‌కి పట్టకపోవచ్చు.

గ్రీజు విషయానికొస్తే, జాయింట్ కిట్‌తో వచ్చే మాలిబ్డినం గ్రీజే వాడాలి, పాకెట్ మొత్తం. మామూలు చాసిస్ గ్రీజు వద్దు. హబ్ నట్ (చక్రం మధ్యలో ఇరుసును బిగించే నట్) కొత్తదే వేయించి, టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానాతో) బిగించమనండి. అది వదులుగా ఉండగా బండిని అడుగు కూడా కదపనివ్వకండి, బేరింగ్ పోతుంది.